నూటికి పదిహేను

మా బాపు దృష్టిలో లోకంలో శాతం అనేది ఒక్కటే. నూరు టన్నుల చెరకు గానుగలో పడితే ఎన్ని టన్నుల చక్కెర బస్తాల్లోకి వచ్చిందన్నదే ఆ శాతం. అది పది దాటిన రోజు ఇంట్లో పండుగ. తొమ్మిదిన్నరకు దిగితే కూరలో ఉప్పెక్కువైందని అవ్వతో, అంటే మా అమ్మతో, గొడవ. నేను డిగ్రీలో నూటికి అరవై రెండు తెచ్చుకున్నానని చెబితే ఆయన కాసేపు ఆలోచించి, అరవై రెండా, పేపర్లు సరిగ్గానే దిద్దారా అని అడిగాడు. ఈ మాట చెప్పి నేను కాలేజీలో అందరినీ నవ్వించేదాన్ని.

ఆయన పేరు రాజారాం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరు సీజన్లుగా పాన్‌మ్యాన్. పాన్ అంటే వంటింటి పెనం కాదు, రెండంతస్తుల ఎత్తు ఇనుప పాత్ర. అందులో చెరకు పాకం ఉడుకుతుంటే చెంచాడు బయటికి లాగి, గాజుపలక మీద పూసి, బల్బు వెలుతురుకు ఎత్తిపట్టి, రవ్వ కట్టిందో లేదో చెప్పాలి. తొందరపడితే చక్కెర పిండైపోతుంది, ఆలస్యమైతే గడ్డ కడుతుంది. ల్యాబులో పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆయన తల ఊపేదాకా ఆగేవారు. ఆ గర్వం ఆయనకు బోలెడంత ఉండేది. షిఫ్టు దిగి వచ్చాక చెప్పులు విడవకముందే ఆ రోజు అంకె చెప్పేవాడు.

నా పేరు గోదావరి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బోధన్‌లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఏడో తరగతికి శాతాల పాఠం నాదే.

తొంభై ఆరులో దీపావళి అయిన రెండు వారాలకు ఫ్యాక్టరీ సైరన్ మోగి సీజను మొదలైంది. అదే వారం నుంచి బాపుకు జొన్నరొట్టె గొంతులో ఆగడం మొదలైంది. ముక్క చిన్నగా తుంచేవాడు. తర్వాత పప్పులో నానబెట్టేవాడు. తర్వాత ముద్దకొక గుక్క నీళ్లు తాగేవాడు. బాయిలర్ పొగకు గొంతు ఎండిందని ఆయన అన్నాడు. కొత్తగా షిఫ్టు ఇన్‌చార్జి అయ్యాడు కాబట్టి ఎవరి కళ్లో పడ్డాయని అవ్వ మిరపకాయలు, ఉప్పు తిప్పిపోసింది. నేనేమో, ముసలోడివవుతున్నావు, ఇంకనైనా నమిలి తినడం నేర్చుకోమని దెప్పాను. ఎవరి వైద్యం వాళ్లు చేశాం. డిసెంబరు రెండో వారానికి గంజి ఒక్కటే దిగుతోంది, బెల్టుకు మేకుతో కొత్తగా రెండు బెజ్జాలు కొట్టుకున్నాడు.

నిజామాబాదులో డాక్టరు తెల్లమందు తాగించి ఎక్స్‌రే తీశాడు. తర్వాత దీపమున్న గొట్టం గొంతులోకి దించి చూసి, చిన్న ముక్క పరీక్షకు పంపాడు. రోజుకు ఎన్ని బీడీలు తాగుతాడని అడిగితే బాపు కంటే ముందు అవ్వే జవాబు చెప్పింది. రెండు కట్టలు. చెప్పి, చెప్పినదానికి ఆమె ముఖమే పాలిపోయింది. అవ్వ బీడీలు చుట్టేది. సరిగా లేవని కంపెనీవాళ్లు తిప్పికొట్టిన బీడీలు ఇంట్లో మిగిలిపోయేవి. ఊరికే పారేయడం దేనికని ఇరవై ఏళ్లుగా వాటిని తాగింది బాపే. ఆ రోజు బస్సులో తిరిగి వస్తున్నంతసేపు అవ్వ తన చేతివేళ్ల వైపే చూసుకుంటూ కూర్చుంది.

కాగితం వచ్చాక మా మేనమామ ఆత్మారాం వచ్చి అందరినీ హైదరాబాదు తీసుకెళ్లాడు. అక్కడి పెద్ద దవాఖానలో డాక్టరు వయసు మీరినవాడు, తొందర లేనివాడు. అన్నవాహికలో క్యాన్సర్ అని దాచకుండా బాపు ముఖం చూసే చెప్పాడు. రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, అన్నవాహికను మొత్తం తీసేసి, కడుపును గొట్టంలాగా పైకి లాగి మెడ దగ్గర అతికించడం. పెద్ద ఆపరేషను. వందలో ఏడెనిమిది మంది దవాఖాన దాటి రారు. బయటపడ్డా తిండి, నిద్ర మునుపటిలా ఉండవు. రెండోది, లోపల చిన్న గొట్టం పెట్టి, కరెంటు పెట్టడం, అంటే రేడియేషను. రెండు మూడు వారాల్లో మెత్తటి తిండి దిగుతుంది, ఇంట్లో తిరుగుతాడు, చిన్నపాటి పని కూడా చేసుకోవచ్చు. కాని గడ్డ లోపలే ఉంటుంది, బతికేది ఆరు నెలలో ఎనిమిది నెలలో. ఇదంతా చెప్పి, మీకు ఏది ముఖ్యం రాజారాం గారూ అని అడిగాడు. బాపును అట్లా ఎవరూ ఏనాడూ అడిగి ఉండరు. ఆయన నా వైపు చూశాడు, నేను మామ వైపు చూశాను.

ఆపరేషను చేసుకుంటే ఎట్లుంటది సార్ అని చివరికి మామే అడిగాడు.

"వందమందికి చేస్తే, ఐదేళ్ల తర్వాత పదిహేను మంది ఉంటారు."

"పదిహేనా సార్?" అన్నాడు బాపు.

"ఒకటి రెండు అటూ ఇటూ."

బాపు ముఖం నేనెప్పటికీ మరిచిపోను. నెల రోజులుగా చచ్చిపోయి ఉన్న కళ్లు వెలిగాయి. ఆయన భయపడ్డాడనుకున్నాడు డాక్టరు, ఇంటికి పోయి ఆలోచించుకోండని భుజం తట్టాడు. ఆలోచించేది ఏమీ లేదన్నట్టు బాపు లేచి నిలబడ్డాడు. బయట వరండాలో నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"పదిహేను బిడ్డా. ఇన్నవా? నా సర్వీసు మొత్తంల పదకొండు గూడ సూడలే నేను. పట్నపోళ్ల మిషన్లు వేరే ఉంటయి గదా."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వైద్యం ఎంత మంచిదని మామ అడిగాడు, నూటికి పదిహేను మంచిదని వాళ్లు చెప్పారు. ఆయన బుర్రలో లెక్క అంతే. మనుషుల తలలు ఆ లెక్కలోకి రాలేదు. ఏడో తరగతి పిల్లవాడు అట్లా రాస్తే ఎర్రసిరాతో గీత కొట్టేదాన్ని. బాపూ, తక్కిన ఎనభై ఐదు మంది ఉండరు. అంతే, ఒక్క వాక్యం. నాలుక కొసన ఉంది.

ఎందుకు చెప్పలేదో ఇప్పుడైతే పది కారణాలు చెప్పగలను. ఆయన నవ్వుతున్నాడు. నెల రోజుల తర్వాత నవ్వుతున్నాడు. చెబితే రెండో దారి ఎంచుకుంటాడేమో, వానాకాలానికల్లా పోతాడేమో. చెప్పినా ఇదే దారి పడతాడేమో, అప్పుడు భయంతో బల్ల ఎక్కుతాడేమో. అసలు నిజంగానే పొరబడ్డాడా, పొరబడాలని అనుకున్నాడా? ఇన్ని నా తలలో తిరుగుతుండగా అవ్వ కుళాయి దగ్గర సీసా నింపుకుని వచ్చింది. ఏమన్నాడని అడిగింది. బాపే చెప్పాడు, పదిహేనట అని. అవ్వకు అంకె అర్థం కాలేదు, ఆయన సంతోషం అర్థమైంది. ఎదురుగా ఉన్న ఉత్త గోడకే రెండు చేతులూ జోడించింది. మామ మాత్రం నన్ను చూశాడు. ఆయనకు విషయం తెలిసిపోయింది.

"చెప్పకు. ధైర్యంతోని పోయినోడు నిలుస్తడు," అన్నాడు, టీ బండి దగ్గర, మెల్లగా.

సంతకం పెట్టించుకునే కాగితం ఇంగ్లీషులో ఉంటే నేనే తెలుగులో చదివి వినిపించాను. ప్రాణాపాయం గురించిన వాక్యం దగ్గర గొంతు తగ్గించి, బస్సు స్టాపుల పేర్లు చెప్పే కండక్టరులాగా గబగబా దాటేశాను. బాపు వేలితో తడుముకుంటూ తెలుగులో సంతకం పెట్టాడు.

ఏడు గంటలు పట్టింది ఆపరేషను. మెడ మీద, రొమ్ము పక్కన, కడుపు మీద కోతలు. కడుపులోకి ఒక సన్నటి రబ్బరు గొట్టం, పాలు, గంజినీళ్లు పోయడానికి. గొంతు పోయింది. గాలి తప్ప మాట రావడం లేదు. మెలకువ వచ్చిన మూడో రోజు పలక ఇస్తే వంకరటింకరగా రాశాడు, అంకె ఎంత అని. నేను రోడ్డు మీది ఎస్టీడీ బూతుకు పోయి ఫ్యాక్టరీకి ఫోను చేసి, పదీ పాయింట్ ఒకటి అని తెచ్చి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని తృప్తిగా తల ఊపాడు. నర్సు మా ఇద్దరినీ వింతగా చూసింది.

దవాఖాన దాటని ఏడెనిమిది మందిలో బాపు లేడు. నెల రోజులకు, జనవరి చివర, ఇంటికి తెచ్చాం. ఊరంతా చెరకు లారీలు, ఎడ్లబండ్లు. క్వార్టరు ముందు ఆటో ఆగగానే చుట్టుపక్కలవాళ్లు వచ్చి, మంచిగైండా అని నన్ను అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో నాకు రెండు నెలలు తెలియలేదు. నీళ్లు దిగుతున్నాయి, మింగితే నొప్పి లేదు. ఇది నిజం. మంచంలో వెనక్కి వాలితే పసరు గొంతులోకి ఎగదన్ని ఊపిరాడదు, అందుకని గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతాడు. ఇదీ నిజం. రోజుకు ఏడుసార్లు తినాలి, తిన్నప్పుడల్లా చిన్న గిన్నెడు మజ్జిగన్నం. తిన్నాక పావుగంటకు కడుపు మెలిపెడుతుంది. నలభై కిలోలున్నాడు. పొగాకు వాసనకు దగ్గు వస్తుందని అవ్వ తన చేట, బీడీ ఆకు, కత్తెర అన్నీ వాకిట్లోకి మార్చుకుంది. అప్పటినుంచి వాళ్లిద్దరూ గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుకునేవారు. మంచిగైండా అంటే, ఆ, అయిండు అనేదాన్ని.

ఒక రోజు ఫ్యాక్టరీ నుంచి పాన్‌హౌజు కుర్రాళ్లు కాగితంలో ఇంత కొత్త చక్కెర చుట్టి తెచ్చారు. బాపు అరచేతిలో పోసుకుని, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు. రవ్వ పొట్టిగా ఉంది, తొందరపడుతున్నారు, ఇంకో రెండు నిమిషాలు ఆగాలని గాలిగొంతుతో పాఠం చెప్పాడు. కుర్రాళ్లు చేతులు కట్టుకుని విన్నారు. వాళ్లు పోయాక మిగిలిన చక్కెర నోట్లో పోసుకున్నాడు. అరగంటకల్లా చెమటలు కారిపోయాయి. గుండె దడదడ, చేతులు వణుకు, గోడలు తిరుగుతున్నాయన్నాడు. ఆయన పోతున్నాడనే అనుకుని అవ్వ శోకం ఎత్తుకుంది. కాసేపటికి దానంతటదే తగ్గింది.

తీపి తినకూడదని దవాఖానవాళ్లిచ్చిన కాగితంలో మూడో వరుసలో రాసి ఉంది. కడుపు సంచీలా లేదు కాబట్టి తీపి ఒక్కసారిగా పేగుల్లోకి జారుతుంది, అప్పుడు ఇట్లా అవుతుంది. ఆ కాగితం ఆయనకు చదివి వినిపించినప్పుడు నేను ఆ వరుస దాటేశాను. చక్కెర చేసే మనిషికి చక్కెర తినొద్దని ఎట్లా చెప్పను? ఇంకో రోజు చెబుదామనుకున్నాను. ఒకసారి దాచడం అలవాటైతే మనిషికి తెలియకుండానే నోరు దాచేస్తుంది. ఆ రోజు ఆయన తడిసిన చొక్కా పిండుతూ నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు, ఆ పెద్ద సంగతి మాత్రం.

ఫిబ్రవరిలో బాపు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. డ్యూటీకి పోలేడు, పాన్‌హౌజు వేడికి నిలబడలేడు. ఆయన లేకుండానే అంకె పదీ పాయింట్ నాలుగుకు పోయింది, అది ఆయనకు లోపల గుచ్చుకుంది. అందుకేనేమో కొత్త పని పెట్టుకున్నాడు. మింగుడు పడనివాళ్లు, గొంతులో కాయ ఉన్నవాళ్లు, ఊరికే భయపడ్డవాళ్లు కూడా వచ్చి ఆయన దగ్గర కూర్చునేవారు. మెడ మీద కుట్లు చూపించేవాడు. ఆపరేషనుకు భయపడొద్దు, కోపిచ్చుకోండి, పదిహేను అంటే చిన్న అంకె కాదు అనేవాడు. అంకె చెప్పేటప్పుడు ఆయన గాలిగొంతుకు కూడా ఎక్కడిదో బలం వచ్చేది. నేను తలుపు వెనక పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంటూ వినేదాన్ని. ఎర్రసిరా పెన్ను చేతిలోనే ఉండేది.

అట్లా ఒక సాయంత్రం తుకారాం కాక వచ్చాడు. చెరకు బండ్లు తూకం వేసే కాంటా మీద ఆయనది ఇరవై ఏళ్ల పని. మహారాష్ట్ర దిక్కు ఊరు, బాపుకు జిగ్రీ దోస్తు. బాపు దవాఖానలో ఉన్నప్పుడు ఫోనులో అంకె చెప్పింది ఆయనే. కుర్చీలో కూర్చోకుండా గడప మీద కూర్చున్నాడు. మూడు వారాల నుంచి ఆయనకూ రొట్టె దిగడం లేదట. తెల్లమందు, దీపం గొట్టం, అన్నీ అయ్యాయట. హైదరాబాదులో ఆ రెండు దారులే చెప్పారట. ఏదో ఒకటి సోమవారానికి చెప్పాలి.

బాపు చేతిలో మజ్జిగన్నం గిన్నె ఉంది. చెంచా గిన్నెలో ఉంచి, ఆలోచించేదేముందని అన్నాడు. పదిహేను అని వేళ్లు మూడుసార్లు చాపి చూపించాడు.

కాక నా వైపు తిరిగాడు. "బేటీ, నువ్వు లెక్కల టీచరువు. డాక్టరు చెప్తె నా తలకెక్కలే. పదిహేనంటే ఏంది? నువ్వు చెప్పినట్టు చేస్త."

నేను బాపును చూశాను. ఆయన నన్ను చూస్తున్నాడు, ధైర్యంగా, చెప్పు అన్నట్టు. బిడ్డ చదువు పదిమందికి పనికొస్తోందన్న సంతోషం ఆ ముఖంలో ఉంది. ఎట్లాగో తప్పించుకుందామని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. కాని ఈయన మా బాపు కాడు. ఈయన గొంతు కోయించే హక్కు నాకెవరిచ్చారు? మా బాపుది మాత్రం ఎవరిచ్చారు?

"నూరు మంది కోపిచ్చుకుంటే ఐదేండ్లకు పదిహేను మంది మిగుల్తరు కాకా," అన్నాను. "ఎనభై ఐదు మంది మిగలరు."

వాకిట్లో బీడీ ఆకు కత్తిరిస్తున్న అవ్వ చేతిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. బాపు గిన్నె కింద పెట్టాడు. అన్నం మీద మజ్జిగ తేరుకుంటోంది. నా వైపు తిరిగి అడిగాడు.

"గది నీకు అప్పుడే ఎరుకనా?"

"ఎరుకనే బాపు."

"నేను చక్కెర లెక్కనే సూసిన," అన్నాడు, నాతో కాదు. "పిప్పి ఎంతని అడగలే."

ముందుగానే తెలిస్తే పోయేవాడివా రాజన్నా అని తుకారాం కాక అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, ఆయనకు సోమవారానికి జవాబు కావాలి. తెల్వదు అన్నాడు బాపు. ఏమో, తెల్వదు, నన్నడగకు, నా లెక్కే తప్పయింది అన్నాడు. కాని ఆ తర్వాత, అంతవరకు ఎవరికీ చెప్పనివన్నీ ఆయనకు చెప్పాడు. కూర్చుని నిద్రపోవడం, పసరు, చక్కెర తిన్న నాటి వణుకు, అద్దంలో చూసుకుంటే వాళ్ల నాయన శవం గుర్తురావడం. మొన్న ఒక గ్లాసెడు మజ్జిగ ఆపకుండా తాగాననీ, గొంతు దిగుతుంటే ఏడుపొచ్చిందనీ అది కూడా చెప్పాడు. రెండూ ఒకే గొంతుతో చెప్పాడు. ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పలేదు. కాక తలగుడ్డ విప్పి, మళ్లీ చుట్టుకుని, లేచి పోయాడు.

ఆ రోజు నుంచి బాపు నాతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, అలిగి తిండి మానలేదు. ఏదైనా ఉంటే, నీ బిడ్డకు చెప్పు అని అవ్వతో అనేవాడు. దవాఖాన ఫైలు నా పెట్టెలోంచి తెప్పించుకుని దిండు కింద పెట్టుకున్నాడు. ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు, అయినా తీసి పేజీలు తిప్పేవాడు. ఒక పొద్దున ఆ ఫైలు చంకలో పెట్టుకుని కంపౌండరు దగ్గరికి నడుచుకుంటూ పోయాడు, చదివించుకోవడానికి. దారిలో రెండుచోట్ల కూర్చున్నాడట. నాకు కోపం వచ్చింది. నేనేమన్నా నా కోసం దాచానా? ఆయన నవ్వు చూడాలని దాచాను, తప్పైతే తప్పు, ఇంత శిక్షా? ఇదంతా అవ్వ మీద కక్కాను. నువ్వైనా ఆయనకు నచ్చజెప్పొచ్చు కదా అన్నాను. అవ్వ బీడీకి దారం చుడుతూ తల ఎత్తలేదు.

"నాకన్న చెప్పకపోతివి," అంది.

దవాఖానలో ఆ ఉత్త గోడకు చేతులు జోడించినప్పుడు పక్కనే ఉన్నాను నేను. అవ్వకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. అంకెలు ఆమెకు అర్థం కావని నేనే తీర్పు చెప్పేసుకున్నాను, ఇంట్లో చదువుకున్నదాన్ని కదా.

తుకారాం కాక రెండో దారి పట్టాడు. గొట్టం పెట్టించుకుని, కరెంటు పెట్టించుకుని మార్చి మొదట్లో తిరిగొచ్చాడు. ముఖం నల్లబడింది, కాని నడక హుషారుగా ఉంది. బస్టాండు హోటల్లో సాంబారులో నానబెట్టి రెండు ఇడ్లీలు తిన్నానని చెప్పడానికే వచ్చాడు. బాపు వివరంగా అడిగాడు. చట్నీ కూడానా, ఎంతసేపు పట్టింది, పడుకుంటే పైకి రాలేదా అని. ఇద్దరూ నవ్వుకున్నారు. కాక మళ్లీ డ్యూటీకి పోతున్నాడు, నాలుగు గంటలు కాంటా మీద కూర్చుంటున్నాడు. ఆయన సైకిలు మలుపు తిరిగేదాకా బాపు చూస్తూ ఉన్నాడు. అసూయా, సంతోషమా, ఆరు నెలల తర్వాతి మాట తలుచుకుని జాలా, నాకు తెలియలేదు. ఎవరు మంచి బేరం చేశారని నేను ఆ నెలంతా తూకం వేసుకుంటూనే ఉన్నాను. పొద్దున ఒకలా తేలేది, సాయంత్రం ఇంకోలా తేలేది.

మార్చి మూడో వారంలో సైరన్ మోగి సీజను ముగిసింది. పై వారం హైదరాబాదులో చూపించుకునే తేదీ. ఈసారి మామ రాలేదు, మేం ముగ్గురమే పోయాం. అవ్వ సంచిలోంచి ఫైలు తీసుకుని, ఎప్పటిలాగానే నేను డాక్టరు ఎదురు కుర్చీలో కూర్చున్నాను. ఎట్లా ఉందని ఆయన అడగ్గానే ఎప్పటిలాగానే నేను నోరు తెరిచాను. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, ఇయ్యాల నేనే మాట్లాడ్త," అన్నాడు. తర్వాత నా చేతిలోంచి ఫైలు తీసుకున్నాడు. "నువ్వు జర బయట కూసో బిడ్డా."

నెలకు పైగా అయింది ఆయన నన్ను బిడ్డా అని. నీ గొంతు ఆయనకు వినిపించదు బాపు, నీ మాట ఆయనకు అర్థం కాదు అన్నాను. మెల్లగా మాట్లాడుకుంటామన్నాడు. నేను లేచాను. నాతో పాటు అవ్వ కూడా లేవబోతే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపుకు మసక అద్దం ఉంది. అందులోంచి డాక్టరు ముందుకు వంగడం కనిపించింది. బాపు వేళ్లు మడిచి లెక్క పెడుతూ ఒక్కొక్కటే అడుగుతున్నాడు. డాక్టరు కాగితం మీద ఏదో గీసి చూపించాడు. అవ్వ కూడా ఏదో అడిగింది. అవ్వ ఒక డాక్టరును ప్రశ్న అడగడం నేను చూసింది అప్పుడే. లోపల అరగంట ఉన్నారు. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. బాపు ఆ తర్వాత పదమూడు నెలలున్నాడు, అవ్వ ఇప్పటికీ ఉంది, ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

వాళ్లు బయటికి వచ్చారు. ముఖాల్లోకి చూశాను. ఏమీ అంతుపట్టలేదు. బాపు ఫైలు అవ్వకిచ్చాడు, అవ్వ సంచిలో పెట్టుకుంది. ఆటోలో బస్టాండుకు వచ్చాం. బోధన్ బస్సులో కిటికీ పక్కన ఆయన, పక్కన నేను, ముందు సీట్లో అవ్వ కూర్చున్నాం. బస్సు ఊరు దాటేదాకా ఓపిక పట్టాను.

"డాక్టరు ఏమన్నడు బాపు?"

"అడిగినయన్నీ చెప్పిండు."

"ఎంత అన్నడు?"

ఆయన నా వైపు తిరిగాడు. ఎముకలు తేలిన చెయ్యి నా తల మీద పెట్టి నిమిరాడు. చిన్నప్పుడు కూడా అట్లా నిమిరిన గుర్తు లేదు నాకు.

"నీకెందుకు బిడ్డా," అన్నాడు. "నువ్వు భయపడ్తవ్."

ఎత్తిపొడుస్తున్నాడేమోనని ఆయన కళ్లలోకి చూశాను. లేదు. నేను నిజంగానే భయపడతానని ఆయనకు బెంగ.